చౌడు గోడ

(ఒడ్డు మీది ఇల్లు: పదకొండో వారం)

పోయిన వారం కథ కోదాడ బస్టాండులో ఆగింది. శనివారం పొద్దున నేను మిర్యాలగూడ బస్సు ఎక్కాను. మా నాయిన చెప్పి పంపిన మాట ఒకటి కనకమ్మగారికి చెప్పి రావాలి. ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలియదు.

మధ్యలో వచ్చి కలిసినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. మా నాయిన మైసయ్యది మేళ్లచెరువు. సున్నపు బట్టీల పక్కన పుట్టి, సుతారి పని నేర్చుకుని, గోడ కట్టడంలో పేరు తెచ్చుకున్న మనిషి. మిర్యాలగూడ రైసుమిల్లు యజమాని గోపాలకృష్ణయ్య సేటు. ఆయన భార్య కనకమ్మగారికి ఉబ్బసం. ఊక దుమ్ము పడదని, మిల్లు జోరుగా ఆడే నాలుగు నెలలూ సముద్రపు గాలిలో ఉండమని డాక్టరు చెప్పాడు. సేటు యాభై ఎనిమిదిలో చీరాల అవతల సముద్రం ఒడ్డున ఒక ఇల్లు కట్టించాడు. కట్టింది మా నాయిన. అప్పటినుంచి ఏటా కార్తీకంలో నెల రోజులు పోయి ఆ ఇంటిని బాగుచేసి వచ్చేదీ ఆయనే. రానుపోను చార్జీలు, అక్కడి తిండి తప్ప ఎన్నడూ కూలి తీసుకోలేదు. నేను బి.ఏ. చదివి, కోదాడ బళ్లో పంతులమ్మనయి, ఇక పనికి పోవద్దన్నా ఆ నెల మాత్రం మానలేదు.

మొన్న మాఘంలో సేటు పోయారు. కొడుకు మల్లికార్జున్ ఇల్లు అమ్మేస్తున్నాడు, అందుకే ఈ ఏడు కనకమ్మగారు ఒడ్డుకు పోలేదు. కొనేవాళ్ల తరఫున సోమవారం ఒక ఇంజనీరు వచ్చి గోడలు చూస్తాడు. ఆ కబురు విన్న రోజున మా నాయిన మంచం మీద ఉన్నాడు. పనిలో సున్నం చింది ఎడమ కంట్లో పడింది, కట్టు కట్టారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పన్నెండేళ్లుగా ఎవరికీ చెప్పనిది చెప్పాడు.

"ఆ గోడలు సముద్రపు ఇసుకతోని కట్టిన బిడ్డా. ఏటి ఇసుక బండ్లు ఆరు రావాలె, రాలే. గృహప్రవేశం ముంగటికొచ్చింది. వాకిట్ల చూస్తే ఇసుకే ఇసుక. ఇసుక ఇసుకే కద అనుకున్న. మనం మెట్టోళ్లం, సముద్రం సంగతి మనకేం ఎరుక. మొదటి వానలు దాటినంక గోడ ఉప్పు కక్కింది. సముద్రపు గాలి సేటూ అని చెప్పిన. ఇంజనీరు గోడను ముట్టుకుంటే పట్టేస్తడు. ఆయన చెప్పకముందు మనమే చెప్పుకోవాలె. నాకు మొఖం చెల్లదు. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

ఇదీ నేను మోసుకుపోతున్న మాట.

హుజూర్‌నగర్ దాటాక రోడ్డుకు రెండు వైపులా కోతకొచ్చిన వరి. సాగర్ కాలువ నీళ్లు వచ్చిన తరువాత ఈ దారి రంగే మారింది. కిటికీ పక్కన కూర్చుని, నాకు పదమూడేళ్లప్పుడు మా నాయిన వెంట ఆ ఇంట్లో గడిపిన నెల గుర్తుచేసుకున్నాను. ఆయన పొద్దున్నే లేచి సముద్రం వైపు గోడ ముందు నిలబడేవాడు. నడుమెత్తు దాకా గోడ తెల్లగా చౌడు పట్టి ఉండేది. గోరు పెడితే పూత పొరలు పొరలుగా రాలేది. దాన్నంతా గీకి, ఇటుక కనబడేదాకా దింపి, మంచినీళ్లతో కడిగేవాడు. ఇంటి బావి అప్పటికే ఉప్పయింది. మంచినీళ్లు ఇసుక దిబ్బ వెనక చెలమ నుంచి కావడితో రావాలి. ఆ నీళ్లు మేము తాగడానికి అరకడవ ఉంచి తక్కినదంతా గోడకు పోసేవాడు. కడిగాక చిటికెన వేలు గోడకు రాసి నాలుక మీద పెట్టుకునేవాడు. నేను నవ్వితే ఆయనా నవ్వేవాడు.

"ఏం రుచి నాయినా?" అని అడిగాను ఒకసారి.

"ఇంకా ఉన్నది," అన్నాడు.

ఏముందో ఆనాడు అడగలేదు. మా నాయినకు సముద్రమంటే ఇష్టం కాబోలు, అందుకే కూలి లేకపోయినా పోతున్నాడు అనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను.

మిర్యాలగూడలో మిల్లు ఆడుతోంది. సేటు ఇల్లు మిల్లు వెనకే. ఆ శబ్దంలో ఎవరితోనైనా కొంచెం గొంతు పెంచే మాట్లాడాలి. కనకమ్మగారి గది తలుపుకూ కిటికీకీ తడి దుప్పట్లు వేలాడదీసి ఉన్నాయి, దుమ్ము లోపలికి రాకుండా. నేను దుప్పటి జరుపుకుని లోపలికి పోయేసరికి ఆమె మంచం మీద మూడు దిండ్లకు ఒరిగి కూర్చుని ఉంది. ఊపిరి పీల్చినప్పుడు సన్నగా ఈల వినబడుతోంది.

"పుష్పా, గింత పొద్దుగాల వచ్చినవేంది. మీ నాయిన కన్నెట్లున్నది?"

"ఇంకా కట్టు విప్పలేదమ్మా. వారం దాకా విప్పొద్దన్నరు దవాఖానల."

"కుర్సీ జరుపుకొని కూసో. నువ్వు నిలబడితే తలెత్తి చూడలేక నాకు మెడ నొస్తది."

కూర్చున్నాను. మా నాయిన ఈ ఇంట్లో పెరటి గుమ్మం దాటి లోపలికి రావడం నేను చూడలేదు. నన్ను చదివించి, నాకు కుర్చీ వేసే చోటికి పంపింది ఆయనే. ఆ కుర్చీలో కూర్చుని ఆయన తప్పు చెప్పాలి.

నేను నోరు తెరిచేలోపు మల్లికార్జున్ వచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. తండ్రి పోయాక మిల్లంతా నెత్తిన పడి, చొక్కా భుజాల మీద తవుడు దులుపుకునే తీరిక కూడా లేనట్టు తిరుగుతున్నాడు. చెడ్డవాడు కాదు. తొందర మనిషి.

"మంచిగొచ్చినవు పంతులమ్మా. నువ్వు చదువుకున్నదానివి, నువ్వన్న చెప్పు మా అమ్మకు. సముద్రం ముంగట ఇల్లంటే అందరికి గాలి కనబడుతది. దాని తిండి కనబడదు. తలుపులకు ఇనుప బందులు పెట్టినం, రెండేండ్లకు చేత పట్టుకుంటే పిండి అయినయ్. సూర్యాపేటల ఇత్తడివి పోతపోయించి పంపినం. పెంకు ఏటేట గాలికి లేస్తది. బాయి ఉప్పయింది. కుట్టుమిషన్ తుప్పు పట్టి కరుసుకపోయింది. గోడ గడియారం మూడుసార్లు రిపేరు చేయించిన, నాలుగోసారి ఆ గడియారాలాయన నాకు దండం పెట్టిండు. వరండల ఇసుక ఊడ్వనీకే ఒక మనిషి. మనం ఉండేది నాలుగు నెలలు. తతిమ్మ ఎనిమిది నెలలు సముద్రమే ఉంటది ఆ ఇంట్ల, మన ఖర్సుతోని."

"అగ్గిపెట్టె మరిసినవు," అంది కనకమ్మగారు.

"ఆఁ. అగ్గిపుల్ల గీకితే వెలగది."

"అప్పడాలు."

"అప్పడాలు గూడ. పొద్దున వేయిస్తే పగటాళ్లకు గుడ్డపేలిక లెక్క అయితయ్."

"గుడ్డపేలికలయినా తిన్నవు కద. నాకొక్కటి మిగిల్చినవా?"

అతనికి నవ్వొచ్చింది కాని ఆపుకున్నాడు. "నువ్వు నవ్వుతవమ్మా. ఆ ఇల్లు పోతే నీకు మంచి డాక్టరును పెట్టిస్త. హైదరాబాదు తీస్కపోత. అవన్నీ ఆ ఇంటికి పోయే పైసలల్లకెల్లే అయితయ్."

ఆ మాటలో తప్పులేదు. నిజంగానే తల్లికోసం అంటున్నాడు. నాకు అదే సందు అనిపించింది. కుర్చీలోంచి లేచాను. కూర్చుని చెప్పడానికి మనసొప్పలేదు.

"అమ్మా, చిన్నసేటూ, మీరు లెక్కబెట్టనిది ఒకటున్నది. ఆ గోడలు ఏటేట చౌడు పట్టేది సముద్రపు గాలికి కాదు. మా నాయిన ఆ ఇల్లు సముద్రపు ఇసుకతోని కట్టిండు. ఏటి ఇసుక రాకపోతే ముంగటిది వాడిండు. ఉప్పు గోడ లోపలనే ఉన్నది. పైపూత ఎన్నిసార్లు మార్చినా లోపల్నుంచి బయటికొస్తనే ఉంటది. ఈ సంగతి ఆయనకు రెండో ఏడే తెలిసింది. చెప్పలేకపోయిండు. సోమవారం ఇంజనీరు చెప్పకముందే మీకు చెప్పి రమ్మన్నడు. తప్పు ఆయనదని చెప్పమన్నడు."

చదివిన చదువు అంతవరకే పనికొచ్చింది.

మల్లికార్జున్ నా వైపు తిరిగాడు.

"పన్నెండేండ్లు," అన్నాడు. "పన్నెండేండ్లు మా నాయినకు గాలి పేరు చెప్పిండు. కూలి ఎందుకు తీసుకుంట లేడో గిప్పుడు సమజయింది. మేం మస్తు మంచోడనుకున్నం."

"మంచోడు కాబట్టే తీసుకోలేదు చిన్నసేటూ."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అతను నొసలు ముడిచాడు. నేను ఆగలేదు.

"తప్పు తప్పే. కాదననీకి రాలేదు నేను. వానలు వెనకబట్టినంక సుతారి పనికి గిరాకీ ఉండేది కార్తీకమే. ఏటేట ఆ నెలనే వదులుకొని మీ ఇంటికి పోయిండు. ఊళ్లె రెండు మంచి పనులు అట్లనే వేరే మేస్త్రీలకు పోయినయ్. మా అమ్మ ఆ నెలంతా బట్టీకాడ తట్ట మోసింది. నా పరీక్ష ఫీజు గట్టే రోజు గూడ ఆయన మీ గోడకాడనే ఉన్నడు. పైసలు తినెటోడైతే ఒక్కసారి పూసి చేతులు కడుక్కుంటుండె."

"మల్లీ," అంది కనకమ్మగారు.

మేమిద్దరం ఆమె వైపు తిరిగాం. ఆమె నా వైపు చూడడం లేదు. తలుపుకు వేలాడుతున్న తడి దుప్పటి వైపు చూస్తోంది.

"మీ నాయిన వడ్లు కొనేటప్పుడు ఏం చేసెటోడు?"

"ఏం చేసెటోడు? రెండు గింజలు నోట్లేసుకొని కొరికెటోడు. తేమ ఎంతున్నదో చెప్పెటోడు. ఆ సంగతి ఇప్పుడెందుకమ్మా?"

"గోడను గూడ అట్లనే చూసిండు."

ఆమె దిండు సరిచేసుకుంది. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ, తొందర లేకుండా చెప్పింది.

"మొదటేడు పుష్యంల నన్ను చూసిపోనీకొచ్చిండు. పొద్దున పండ్లు తోముకుంట సముద్రం దిక్కు గోడకాడ నిలబడ్డడు. గోరుతోని జర గీకి నోట్లేసుకున్నడు. నేను కిటికిలకెల్లి చూస్తనే ఉన్న. మనిషి అట్లనే నిలబడిపోయిండు, వేపపుల్ల చేతిలనే ఉన్నది. లోపలికొచ్చి అన్నడు: కనకం, పది బస్తాల అవతల వడ్లు తడిసినయంటే చెప్పెటోణ్ణి, ఇసుక నోట్లేసుకొని చూడకపోతి."

"నాయినకు తెలుసా?" అన్నాడు మల్లికార్జున్.

"తెలుసుడేంది. ఆ ఇసుక పడేటట్టు చేసిందే ఆయన." ఆమె ఇప్పుడు నా వైపు చూసింది. "ఆరు బండ్లు ఎందుకు రాలేదు బిడ్డా? సేటు వద్దన్నడు గనుక రాలే. వాకిట్ల ఊరికే పడి ఉన్నదానికి బండి కిరాయి కట్టి ఎవరన్న ఇసుక కొంటరా అని, లారీ డ్రైవరు ఫకీరాను పంపి ఆ బండ్లను దారిలకెల్లే మర్లగొట్టించిండు. మైసయ్యకు ఒక్కమాట చెప్పలె. బండ్లు రాకపోతే ఆయనే ముంగటిది ఎత్తుకుంటడు లే అనుకున్నడు. అట్లనే అయింది."

మల్లికార్జున్ గోడకు ఆనుకున్నాడు. "చేస్తడు," అన్నాడు నెమ్మదిగా. "మా నాయిన అట్లనే చేస్తడు. బస్తా కుట్టిన సుతిలి ముక్క గూడ పారేయనిచ్చెటోడు కాదు. ఊరికే దొరికింది చూస్తే ఆయన చెయ్యి ఆగది."

నేను మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. మా నాయిన పన్నెండేళ్లు ఎత్తుకుని తిరిగిన తప్పు ఆయనది కాదు. ఎవరిదో చెప్పగలిగిన మనిషి ఈ మంచం మీద ఇంత దగ్గరలో ఉంది.

"మీ నాయిన బూడిద సంగతి నీకు చెప్పలేదా?" అంది కనకమ్మగారు.

చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నాలుగో ఏడు ఆ ఇంట్లో గిన్నెలు తోముకునే ఊక బూడిద చూసి, కొంచెం డంగు సున్నంలో కలిపి పూశాడట. ఏడాదికే రాలే పూత రెండేళ్లు నిలిచిందట. ఇది ఏ మేస్త్రీకీ తెలియదనీ తానే కనిపెట్టాననీ మా అమ్మకు చెప్పి, మెచ్చుకునేదాకా వదిలేవాడు కాదు. ఆయన జీవితంలో గర్వంగా చెప్పుకున్న సంగతి అదొక్కటే.

"ఆ ఇంట్ల ఉండేది నేనొక్కదాన్ని, వంటమనిషి," అంది ఆమె. "తోముకునేయి మూడు గిన్నెలు. మూడు గిన్నెలకు పన్నెండు బస్తాల బూడిద ఎందుకు బిడ్డా?"

నేను ఆమె ముఖంలోకి చూశాను.

"సేటు మీ మేళ్లచెరువు పోయి బట్టీలకాడ ఒక ముసలాయనను అడిగిండు. ఉప్పు గోడకు ఏం మందు ఉంటదని. సున్నంల సన్నటి ఊక బూడిద కలుపుమన్నడట. మన బాయిలరు కింద కుప్పలున్నయ్. చెప్తే ఎందుకని అడుగుతడు మైసయ్య. అందుకని జల్లెడ పట్టించి, బస్తాలకెత్తి, గిన్నెలకు అని లారీల వేయించిండు. మైసయ్య కంట్ల పడేటట్టు వంటింటి ముంగటనే పెట్టించిండు. మూడేండ్లు ఎదురుచూసిండు ఎప్పుడు పడుతదా అని. నాలుగో ఏడు పడ్డది. ఆ రోజు చూడాలె ఆయన సంబరం. కనకం, కలిపిండే అని నా దగ్గరికి ఉరికొచ్చిండు."

"మా నాయిన తానే కనిపెట్టినననుకుంటడమ్మా ఇప్పటికీ."

"అనుకోనీ. ఎవరి సొమ్ము పోయింది."

ఆమె నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఈల అయింది. మల్లికార్జున్ నీళ్లు అందించాడు. గుక్కెడు తాగి, అతని చేతిని పట్టుకునే ఉంది. సేటూ మా నాయినా, ఇద్దరు మగవాళ్లు. ఒకే గోడను ఒకరికి తెలియకుండా ఒకరు నాకి చూసి, ఎవరి తప్పు వారు మూసిపెట్టుకుని, ఒకరు బూడిదతోనూ ఒకరు చేతులతోనూ ఆ తప్పు తీర్చుకుంటూ వచ్చారు. నాకు ఏడుపొస్తోందో నవ్వొస్తోందో తెలియలేదు.

అయినా అడగవలసింది అడిగాను.

"మరి నాయినకు ఎందుకు చెప్పలేదమ్మా?"

"ముందల సిగ్గు. సేటు తెలివితక్కువ పని చేసిండంటే మేస్త్రీ ముంగట తలెత్తుకునుడెట్ల. రెండేండ్లు గడిచినంక, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలె. అట్ల నానబెట్టుకుంట వచ్చిండు. పొయ్యేముందు నా చెయ్యి పట్టుకొని అన్నడు, మైసయ్యకు చెప్పు కనకం, ఆయన తప్పు లేదని చెప్పు అని."

"మాఘంల పోయిండు," అన్నాడు మల్లికార్జున్. "ఇది కార్తీకం."

"తొమ్మిది నెలలు," అంది ఆమె. "నేను చెప్పలె. సేటు సిగ్గుతోని చెప్పలె. నేను భయంతోని చెప్పలె." నా వైపు తిరిగింది. "తప్పు తనది కాదని తెలిస్తే మీ నాయిన ఇగ ఎందుకొస్తడు బిడ్డా? మైసయ్య రాకపోతే ఆ గోడ రెండేండ్లు నిలబడది. ఆ ఇల్లు లేకపోతే..."

ఆ మాట పూర్తి చేయలేదు. చేయనక్కర లేదు. ఊపిరి ఆ గదిలో ఎంత కష్టంగా కదులుతోందో ముగ్గురమూ వింటూనే ఉన్నాం.

"నాకు ఊపిరి కావాలె పుష్పా. అందుకని ఒక మనిషిని తొమ్మిది నెలలు తప్పు చేసినోని లెక్కనే ఉండనిచ్చిన. నువ్వు మీ నాయిన తప్పు చెప్పనీకొచ్చినవు. నా తప్పు నేను చెప్పిన."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. మా అమ్మ తలమీది తట్ట గుర్తొచ్చింది. చెలమ నీళ్ల కావడి గుర్తొచ్చింది. ఉప్పుకూ సున్నానికీ పగిలిన ఆయన వేళ్లు గుర్తొచ్చాయి. ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే ఈ తొమ్మిది నెలలైనా మా నాయిన తేలికగా నిద్రపోయేవాడు.

కాని ఇంకొకటి కూడా నాకు తెలుస్తోంది. ఈమె ఈ పొద్దున నోరు విప్పకపోయినా సరిపోయేది. తప్పు మైసయ్యదేనని నేనే నా నోటితో ఒప్పుకున్నాను. కొడుకు నమ్మాడు. సేటు లేడు. ఆమె ఊరకే తలూపితే ఆ సంగతి ఆమెతోనే పోయేది, ఇల్లు నిలిస్తే మైసయ్య వచ్చే కార్తీకానికి మళ్లీ వచ్చేవాడు. నేను ఒక మనిషి పరువు పోగొట్టడానికి వచ్చిన దారినే, ఆమె తన పరువు తీసి నా చేతిలో పెట్టింది. అందుకు ఈనాటికీ ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

లేచి ఆమె పాదాల దగ్గర మంచం పట్టె మీద చెయ్యి వేశాను.

"ఒక్కటి చెప్పాలెనమ్మా. మొన్న సంగతి చెప్పినంక, మా నాయిన తప్పు తీర్చుకోనీకే వచ్చిండని నేను గూడ అనుకున్న. కాని తప్పొక్కటే అయితే పన్నెండేండ్లు రాడు. పోయినేడు నేను వద్దంటే ఏమన్నడో తెలుసా? అక్కడ అమ్మ నిద్రపోతది పుష్పా, ఈల లేకుండ నిద్రపోతది, వరండల పడుకుంటే నాకు వినబడుతది అన్నడు. ఆయన ఈ సంగతి తెలిసినా వస్తడు."

కనకమ్మగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. తరువాత చాలా మామూలుగా, బజారుకు పోదామన్నట్టుగా, "మల్లీ, జీపు తియ్," అంది.

"ఎక్కడికి?"

"కోదాడ. ఈ మాట ఈ పిల్లతోని పంపేది కాదు. నేనే చెప్పాలె, మైసయ్య మొఖం చూసి."

"రోడ్డు మీద దుమ్ము ఎట్లున్నదో ఎరుకేనా నీకు? వడ్ల బండ్లన్నీ..."

"ఇంట్ల ఉన్నది గూడ దుమ్మే."

తడి తువాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆమె ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను. నేరేడుచర్ల దాకా మల్లికార్జున్ జోరుగానే నడిపాడు. గుంతలు వచ్చినచోట మాత్రం, అతని తొందరకు విరుద్ధంగా, బండిని నడక కంటే నెమ్మదిగా దింపాడు. పాలకీడు దారి చీలే దగ్గర ఎడ్లబండ్లు అడ్డం రాగా ఆపి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"పంతులమ్మా, నేను పొద్దున అన్న మాట మీ నాయినకు చెప్పకు."

"ఏ మాట?" అన్నాను.

అతను అద్దంలో నన్ను చూసి తలూపాడు. కొంత దూరం పోయాక, "ఆ పన్నెండు బస్తాలు ఏటేట నేనే తూకం వేసి ఎక్కించిన లారీకి," అన్నాడు. "గిన్నెలకనే అనుకున్న. నాకన్న చెప్పకపాయె." తండ్రి పోయాక అతని గొంతులో ఆ మెత్తదనం నేను వినడం అదే మొదలు.

మధ్యాహ్నం రెండు దాటుతుండగా కోదాడ చేరాం. మా ఇల్లు బడి వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. సేటు ఇంటి ఆడమనిషి మా వాకిట్లోకి రావడం అదే మొదటిసారి. మా అమ్మ సైదమ్మ బియ్యం చెరుగుతున్నది, చాట పక్కన పెట్టి గబగబా లేచింది.

"అయ్యో, అమ్మగారు, మీరొచ్చారేంటి ఇంత దూరం. రండి, మంచం వాలుస్తా."

"మైసయ్య ఏడి సైదమ్మా? లోపల పండుకున్నడా? పిలువు. నేను కూసోను, ముందు చెప్పి కూసుంట."

మా అమ్మ నా వైపు చూసింది. "నీకు చెప్పలేదా పుష్పా? నువ్వు బస్సెక్కంగనే లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఎనిమిదిన్నర బెజవాడ బస్సుకు పోయాడు. పదకొండున్నరకే బెజవాడ దిగుంటాడు. రైలు దొరికితే ఈ పాటికి చీరాల దరిదాపుల్లో ఉంటాడు."

"కంటికి కట్టుంది కదమ్మా."

"చెప్పినా వింటాడా. కట్టు మీద తువాలు చుట్టుకున్నాడు. అమ్మగారికి సంగతి తెలిసినంక ఆ గోడ ఒక్కపూట కూడా నిలబడొద్దన్నాడు. ఇంకొకరు తెలియక కొనుక్కుని, పిల్లల్ని తీసుకొచ్చి ఆ గోడ కింద పండుకోబెడితే ఆ పాపం ఎవరిదన్నాడు."

నేను లోపలికి పోయాను. తలుపు పక్కన మేకుకు ఆయన తాపీ వేలాడుతోంది. సముద్రానికి పోయినప్పుడల్లా తువాలులో చుట్టుకుని అన్నిటికంటే ముందు సంచిలో పెట్టుకునే తాపీ. శుభ్రంగా కడిగి, నూనె రాసి పెట్టి ఉంది. రుద్దుడు చెక్క ఉంది. నూలుదారం ఉండ ఉంది. కట్టే సామానంతా ఇక్కడే ఉంది.

"తాపీ లేకుండ పోయి ఏం పని చేస్తడు?" కనకమ్మగారు గుమ్మంలో నిలబడి అడిగింది.

మా అమ్మ ఖాళీగా ఉన్న మూల చూపించింది. "గడ్డపార తీసుకుపోయాడమ్మా. అదొక్కటే."

ఎవరూ చెప్పకముందే మల్లికార్జున్ బయటికి పరిగెత్తి జీపు స్టార్టు చేశాడు. కనకమ్మగారు మా అమ్మ ఇచ్చిన మంచినీళ్ల చెంబు తాగకుండా చేత పట్టుకునే ఎక్కింది. నేను వెనక ఎక్కుతుంటే నా చేతిలో తాపీ ఉంది. ఎందుకు తీసుకున్నానో నాకే తెలియదు.

సముద్రం వైపు గోడ మీదనే ఆ ఇంటి నడిమి దూలం ఆని ఉంది; గోడ పడితే అది కింద ఉన్న మనిషి మీదనే పడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ దూలాన్ని అక్కడ ఎక్కించిన మా నాయినకు ఇంకా బాగా తెలుసు.